మొదటి డెబ్బై పేజీలు తీసేయమన్నారు!

రాతప్రతి: పాఠకుల ప్రశ్నలకు ఎడిటర్ జవాబులు

ప్రశ్న: మేడమ్, నమస్కారం. టీచరుగా రిటైరయ్యాక మా అమ్మ జీవితం ఆధారంగా ఒక నవల రాశాను. డీటీపీ చేయిస్తే 380 పేజీలు వచ్చింది. మా అమ్మాయి పట్టుబడితే హైదరాబాదులో ఒక డెవలప్‌మెంటల్ ఎడిటర్‌కి పంపాను. తప్పొప్పులు దిద్దిస్తారనుకున్నాను. ఆవిడ తొమ్మిది పేజీల ఉత్తరం పంపారు. మొదటి డెబ్బై పేజీలు తీసేసి, అమ్మ చిలకలూరిపేటలో పొగాకు గ్రేడింగ్ పనికి వెళ్లిన రోజుతో కథ మొదలుపెట్టమంటారు. బాబాయినీ మేనమామనీ కలిపి ఒకే మనిషిని చేయమంటారు. 'ఇంతకీ తల్లికి ఏం కావాలి?' అని నాలుగు చోట్ల మార్జిన్లో రాశారు. ఆ డెబ్బై పేజీల్లో మా తాతముత్తాతల చరిత్ర ఉంది. ఇవన్నీ మార్చేస్తే ఇక అది నా పుస్తకం ఎలా అవుతుంది?
– ఒక పాఠకురాలు, పల్నాడు జిల్లా

జవాబు: ఉత్తరం చదవగానే ఒళ్లు మండి ఉంటుంది. సహజం. కొన్నాళ్లు దాన్ని బీరువాలో పడేయండి. ఆ వేడిలో ఎడిటర్‌కి ఫోన్ మాత్రం చేయకండి. సంజాయిషీలు చెప్పుకోవడం తప్ప ఏమీ జరగదు.

మీరు ఆశించింది ఒకటి, వచ్చింది ఇంకొకటి. ఎడిటర్ అంటే ప్రూఫులు దిద్దే మనిషి అనే మన దగ్గర లెక్క. వత్తులూ దీర్ఘాలూ చూసేది ప్రూఫ్ రీడర్, వాక్యాన్ని సవరించేది కాపీ ఎడిటర్. డెవలప్‌మెంటల్ ఎడిటర్ ఈ ఇద్దరికంటే ముందు రావాలి. కథ ఎక్కడ మొదలవ్వాలి, ఎవరు చెప్పాలి, ఏ అధ్యాయం ఎందుకుంది, ఎక్కడ పాఠకుడు పుస్తకం మూసేస్తాడు అనేవి చూడటం వాళ్ల పని. రేపు తీసేయబోయే అధ్యాయానికి ఇవాళ వత్తులు దిద్దించుకోవడం డబ్బు దండగ. మనకి ఈ పని అలవాటు కాకపోవడానికి ఒక కారణం సీరియల్సే అని నాకనిపిస్తుంది. వారం వారం పత్రికకి రాసిచ్చే నవలలో, ముప్పయ్యో వారం వచ్చాక మొదటి వారాన్ని మార్చే దారేదీ?

ఇక డెబ్బై పేజీల సంగతి. హార్పర్ లీ అనే అమెరికన్ రచయిత్రి 1957లో లిపిన్‌కాట్ అనే ప్రచురణ సంస్థకి ఒక నవల ఇచ్చింది. అందులో నాయిక పెరిగి పెద్దదై, న్యూయార్క్ నుంచి సొంతూరికి వస్తుంది. టే హోహాఫ్ అనే ఎడిటర్ అది చదివి, మధ్యలో వచ్చే చిన్ననాటి జ్ఞాపకాలే బాగున్నాయి, ఆ వయసులోకి వెళ్లి కథ చెప్పమంది. రెండేళ్లకు పైగా తిరగరాశాక 1960లో వచ్చిన పుస్తకం 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్'. మొదటి రాతప్రతి కూడా 2015లో వేరే పేరుతో అచ్చయింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే, కథ మొదలయ్యే చోటు మారితే పుస్తకమే ఎలా మారిపోతుందో తెలుస్తుంది. కానీ ఆ మారిన పుస్తకాన్ని కూర్చుని రాసింది హార్పర్ లీయే, హోహాఫ్ కాదు.

మీరూ అలాగే చేయండి. ఆ పేజీలు ప్రింటు తీసుకుని, ఇది తెలియకపోతే తర్వాతి కథ అర్థం కాదు అనే విషయాల కింద మాత్రమే గీత గీయండి. అవి వేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉంటాయి. పొలం చేజారిన సంగతి వాటిలో ఒకటి అనుకుందాం. దాన్ని మీరు ముత్తాత కాలం నుంచి పది పేజీల్లో చెప్పి ఉంటారు. అదే గ్రేడింగ్‌లో ఆకు ఏరుతూ మీ అమ్మ పక్కనున్నామెతో, "వేలిముద్ర వెయ్యమన్నారు, వేశాను. చదివి వినిపించండయ్యా అంటే నవ్వారు" అంటే? పొలం పోయిన తీరూ, అమ్మకి చదువు రాకపోవడమూ, ఆ నవ్వినవాళ్లెవరో ఊహకి అందడమూ అన్నీ అందులో వచ్చేస్తాయి. మిగిలిన చరిత్రని పారేయమని ఎవరూ అనరు. వేరే ఫైల్లో దాచుకోండి, మీ మనవలకి పనికొస్తుంది.

బాబాయి, మేనమామల దగ్గర మాత్రం మీ ఎడిటర్‌తో నాకు పేచీ ఉంది. బాబాయి అంటే ఆస్తిలో వాటాదారు. మేనమామ అంటే పుట్టింటి మనిషి, సారె తెచ్చేవాడు, మేనరికం అడిగే హక్కున్నవాడు. ఒకే మనిషి అటు తండ్రికీ ఇటు తల్లికీ తమ్ముడెలా అవుతాడు? ఆవిడ ఇంగ్లిష్ నవలల లెక్కలో 'అంకుల్' అనుకుని ఉండొచ్చు. అలాగని ఆ మాటని కొట్టిపారేయకండి. ఆవిడకి ఇద్దరూ ఒకరిలాగే ఎందుకు అనిపించారు? బహుశా ఇద్దరూ ఇంటికి వస్తారు, అరుగు మీద కూర్చుంటారు, సలహా చెప్పి వెళ్తారు. ఇద్దరు చేసే పని ఒకటే. అంటే లోపం ఉన్నమాట నిజం, ఆవిడ చెప్పిన విరుగుడు సరైంది కాదు. ఎడిటర్ ఉత్తరాల్లో ఇది తరచూ జరుగుతుంది. ఎక్కడ తేడా కొట్టిందో వాళ్లు చెప్పింది దాదాపు ఎప్పుడూ నిజమే. దాన్ని ఎలా సరిచేయాలన్నది, ఆ ఊరూ ఆ మనుషులూ తెలిసిన మీకే బాగా తెలుస్తుంది. వాటా కాగితాల దగ్గర బాబాయి మొహం చాటేస్తే, మేనమామ సాయం చేస్తూనే మేనరికం సంగతి కదిపితే, ఇద్దరూ విడివిడిగా నిలబడతారు.

తొమ్మిది పేజీల్లోనూ అసలైనది ఆ నాలుగు సార్లు రాసిన ప్రశ్న. మా దగ్గరికి అమ్మల మీద రాతప్రతులు చాలా వస్తాయి. అన్నిట్లోనూ అమ్మ కష్టపడుతుంది, సర్దుకుంటుంది, అందరికీ పెట్టి తను చివర్న తింటుంది. ఆమెకి ఫలానాది కావాలి అని రాయడానికి మాత్రం బిడ్డల చేయి ఆడదు. అమ్మకి ఒక కోరికుందని రాస్తే ఆమెని తక్కువ చేసినట్టు బాధపడతారు. ఆ కోరిక పెద్దదే కానక్కర్లేదు. కూలి డబ్బులు దాచుకునే పెట్టె తాళంచెవి తన కొంగుకే ఉండాలన్న పంతమైనా చాలు. అది దొరికిందంటే, ఆ తాళంచెవి ఎవరు అడిగారు, ఎప్పుడు ఇచ్చింది, ఎప్పుడు ఇవ్వనంది అనే వరసలో అధ్యాయాలు వాటంతటవే కదులుతాయి. ముందు ఈ పని చేసి, డెబ్బై పేజీల జోలికి ఆ తర్వాతే వెళ్లండి.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. నా కథల సంపుటికి ఇండియాలో ఒక ఎడిటర్‌ని పెట్టుకున్నాను. ఆయన సూచనలు ఇవ్వకుండా మూడు కథలకి ముగింపులు తనే మార్చి పంపారు. చెప్పాలంటే బాగానే ఉన్నాయి. కానీ నావి కావు. మొహమాటంగా ఉంది, డబ్బు కూడా ముందే ఇచ్చేశాను. ఏం చేయమంటారు?

జవాబు: మొహమాటపడకండి, వెనక్కి పంపండి. "మీకు నచ్చనిదేంటో చెప్పండి, ముగింపు నేను రాసుకుంటాను" అని మర్యాదగానే రాయండి. రేమండ్ కార్వర్ అనే అమెరికన్ రచయిత కథలకి ఆయన ఎడిటర్ గోర్డన్ లిష్ ఇలాగే చేశాడు. కొన్నిట్ని సగానికి పైగా కోసేశాడు, ముగింపులు మార్చాడు. పుస్తకం ఆపమని కార్వర్ 1980లో బతిమాలుతూ ఉత్తరం రాశాడు. అయినా 1981లో పుస్తకం వచ్చింది, గొప్ప పేరూ తెచ్చింది. కార్వర్ రాసుకున్న మూలరూపాలు ఒక సంపుటిగా 2009లో గానీ బయటికి రాలేదు. అప్పటికి ఆయన పోయి రెండు దశాబ్దాలు దాటింది. లిష్ కోతల వల్ల కథలు బాగుపడ్డాయనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కొన్ని కథల వరకు నేనూ ఆ మాటే అంటాను. కానీ ఆ ఉత్తరం చదివితే కడుపులో దేవుతుంది.

మన కాపీరైట్ చట్టం 1957లోని 57వ సెక్షన్ ప్రకారం, రచయిత పేరుకు భంగం కలిగేలా రచనని వక్రీకరిస్తే అభ్యంతరం చెప్పే హక్కు రచయితకి ఉంది. వ్యవహారం అంతదాకా రానివ్వకూడదనుకోండి. ఇకముందు ఎవరితోనైనా సరే, పని మొదలుకాక ముందే ఈమెయిల్లో రాసుకోండి: ఎన్నిసార్లు చదువుతారు, ఉత్తరం ఇస్తారా లేక ఫైల్లోనే నోట్సు పెడతారా, ఎన్నాళ్లు పడుతుంది, సగంలో ఆపేస్తే డబ్బు సంగతేంటి. తెలుగులో ఈ పనికి ఇంత అని రేటు స్థిరపడలేదు కాబట్టి మొత్తం ముందే ఇవ్వకండి. ముందు ఒక్క కథకి డబ్బిచ్చి చదివించుకోండి. ఆ మనిషి ప్రశ్నలడిగే రకమో, కలం లాక్కునే రకమో అక్కడే తేలిపోతుంది.

ప్రశ్న: ఎడిటర్‌కి ఇచ్చుకునే స్థోమత లేదు. నవల పూర్తయింది. నేనే చేసుకోవచ్చా?
– విద్యార్థి, విజయనగరం

జవాబు: సగం పని చేసుకోవచ్చు. నవల పక్కన పెట్టి, ఒక్కో అధ్యాయానికి ఒక్కో చీటీ రాయండి: ఇందులో ఏం జరిగింది, దీని తర్వాత ఎవరి పరిస్థితి మారింది. రెండో దానికి జవాబు లేని చీటీలు విడిగా పెట్టండి. అవి వరసగా మూడు వస్తే పాఠకుడు అక్కడే ఆగిపోతాడు. మిగతా సగానికి, కథలు చదివే అలవాటున్న ఒకరిద్దరికి ప్రింటు ఇవ్వండి. బాగుందా అని అడిగితే మొహమాటానికి బాగుందంటారు. అందుకని అలా అడగకుండా, విసుగొచ్చిన చోట పేజీ మూల మడవమనండి. మడతలన్నీ ఒకేచోట పడితే పని ఎక్కడ మొదలుపెట్టాలో మీకే తెలుస్తుంది. స్నేహితుడు కవి అయితే మాత్రం ఇవ్వకండి, వాక్యాలు దిద్దుతూ కూర్చుంటాడు.