స్కాన్ రిపోర్టులో మాట సరే, ఆ నొప్పుల బిళ్ళల సంగతేంటి?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. నాన్నకు 52 ఏళ్లు, కొబ్బరి తోటలో పని. కడుపు నొప్పి అంటే స్కాన్ తీయించాం. రెండు కిడ్నీలకూ ‘కార్టికోమెడుల్లరీ డిఫరెన్షియేషన్’ తగ్గిందని ఇంగ్లిషులో రాశారు. ఈ మాటకు తెలుగులో అర్థం ఏంటి? కిడ్నీ రెండుగా విడిపోతోందా? నాన్నకు షుగర్, బీపీ లేవు. నడుం నొప్పికి మాత్రం పని ఉన్న రోజుల్లో షాపులో బిళ్ళలు కొని వేసుకుంటారు. – ఒక పాఠకురాలు

జవాబు: కిడ్నీ విడిపోవడం లేదమ్మా. మీరు ఆ పెద్ద మాట గురించి అడిగారు, నన్ను కంగారు పెట్టింది మాత్రం మీ చివరి వాక్యం. ముందు మాట సంగతి చెప్పేస్తాను.

కిడ్నీలో బయటి పొర కార్టెక్స్, లోపలి భాగం మెడుల్లా. లాటిన్‌లో కార్టెక్స్ అంటే చెట్టు బెరడు, మెడుల్లా అంటే మూలుగ. స్కూల్లో వల్కలం, దవ్వ అని చదువుకున్నది వీటినే. అరటి బోదెలో దవ్వను గుర్తు తెచ్చుకుంటే చాలు. మెదడుకూ కార్టెక్స్ ఉంది, కిడ్నీ పైన ఉండే అడ్రినల్ గ్రంథిలో రెండూ ఉన్నాయి. అందుకే రిపోర్టులో ఏ అవయవం కింద రాశారో చూడాలి. అల్ట్రాసౌండ్‌లో కిడ్నీ లోపలి భాగం నల్లగా, బయటి పొర దానికంటే కాస్త తెల్లగా పడతాయి. ఆ తేడా తెలుస్తుంటే ‘మెయింటైన్డ్’ అని రాస్తారు, అది మంచి మాటే. ఇక్కడ డిఫరెన్షియేషన్ అంటే తేడా కనబడటం, అంతే.

చాలాకాలంగా దెబ్బతింటున్న కిడ్నీలో ఈ తేడా చెరిగిపోతుంది. అయితే మిషన్‌ను బట్టి, చూసినవాళ్ల అంచనాను బట్టి కూడా ఈ మాట మారుతుంది. మనిషిని చూడకుండా జబ్బు ఉందని గానీ లేదని గానీ నేను రాయలేను. కిడ్నీ ఎంత పనిచేస్తోందో చెప్పేది రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం), దాన్నుంచి లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడగట్టే వేగం). ఈ వారంలోనే చేయించండి, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పరీక్ష కూడా. ఈజీఎఫ్ఆర్ 60 కంటే తక్కువ వస్తే మళ్లీ చేయించాలి. మూడు నెలలు దాటినా అలాగే ఉంటే దీర్ఘకాలిక జబ్బు అంటాం.

షుగర్, బీపీ లేవని ధైర్యంగా ఉన్నట్టున్నారు. మీ కవిటి ఉన్న ఉద్దానం ప్రాంతంలో ఆ ధైర్యం పనికిరాదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు ఆ రెండూ లేనివాళ్లకూ కిడ్నీ జబ్బు వస్తోంది, కారణం ఇంకా తేలలేదు. మొదట్లో కాళ్ల వాపు ఉండకపోవచ్చు, మూత్రంలో ప్రొటీన్ కూడా పెద్దగా పోకపోవచ్చు. మూత్ర పరీక్ష ఒక్కటే చేయించి బాగుందనుకోవద్దు.

ఇక బిళ్ళలు. క్రియాటినిన్ ఆరు, ఏడు దాటాక, అంటే కిడ్నీ బాగా దెబ్బతిన్నాక నా దగ్గరికి వచ్చేవాళ్లను ఏం మందులు వాడుతున్నారని అడిగితే ఏమీ లేవంటారు. రెండోసారి అడిగితే ‘ఒంటి నొప్పులకు బిళ్ళ, అప్పుడప్పుడు సూది’ అంటారు. అది వాళ్ల లెక్కలో మందే కాదు! కిడ్నీకి రక్తం తీసుకెళ్లే సన్నని నాళాలను తెరిచి ఉంచే పదార్థాలు ఒంట్లోనే తయారవుతాయి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి బిళ్ళలు వాటిని తగ్గించేస్తాయి. ఎండలో చెమటోడ్చి, సరిగా నీళ్లు తాగని మనిషికి అసలే కిడ్నీకి రక్తం తక్కువగా వెళ్తుంటుంది, దాని మీద ఈ బిళ్ళ. పారాసిటమాల్ కలిసిందే కదా అనొద్దు, అట్ట మీద రెండో పేరు కూడా చదవండి. ఈ రోజు నుంచే ఆపించండి. ఇన్నాళ్లూ చూస్తూ ఊరుకోవడం మీ తప్పు కూడానమ్మా. నడుం నొప్పికి ఏం వేసుకోవాలో డాక్టరును అడగండి, సొంతంగా ఇంకో బిళ్ళ వద్దు.

దవ్వ అన్నానని అరటి దవ్వ రసం మొదలుపెట్టకండి. దాంట్లోనూ, కొబ్బరి నీళ్లలోనూ పొటాషియం ఎక్కువ. కిడ్నీ బాగా దెబ్బతిని ఉంటే అది గుండెకు ప్రమాదం. పరీక్ష వచ్చేదాకా రెండూ ఆపితే మంచిది.

పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆసుపత్రి మీకు దగ్గరే. మూత్రం తగ్గినా, వాంతులు, ఆయాసం ఉన్నా ఆ రోజే వెళ్లండి. వెళ్లేటప్పుడు స్కాన్ రిపోర్టుతో పాటు నాన్న వాడిన బిళ్ళల ఖాళీ అట్టలు కూడా పట్టుకెళ్లండి.