గోవా క్యాసినో పోకర్ బహుమతి, లక్కీ డ్రా కారు: పన్ను ఎలా చూపాలి?

మీరు 2025-26 ఆర్థిక సంవత్సరంలో పోకర్ టోర్నమెంటులో 2,00,000 గెలిచారు, లక్కీ డ్రాలో 8,00,000 విలువైన కారు తగిలింది, 50,000 ఎంట్రీ ఫీజు తీసేయొచ్చా అని అడిగారు. తీసేయకూడదు. ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 58(4) ఇలాంటి గెలుపుల్లో ఏ ఖర్చునీ ఒప్పుకోదు, మిగతా ఆటల్లో పోయిన డబ్బూ అంతే. మొత్తం 10,00,000 మీద సెక్షన్ 115బీబీ (లాటరీ, పేకాట లాంటి గెలుపుల పన్ను) కింద 30 శాతం, స్లాబులతో పని లేదు.

పోకర్ డబ్బులో 60,000 టీడీఎస్ (డబ్బు ఇచ్చేవాళ్లు ముందే కోసే పన్ను) పట్టుకునే ఇస్తారు. కారుకి మాత్రం 2,40,000 మీరు కట్టాకే తాళాలు చేతికొస్తాయి. ఆ మొత్తం అప్పుగా తెచ్చే పరిస్థితైతే బహుమతి తీసుకునే ముందే ఆలోచించండి.

చాలామంది తప్పేది ఇక్కడే: టీడీఎస్‌లో 4 శాతం సెస్ (పన్ను మీద పడే అదనపు పన్ను) ఉండదు. ఆ 12,000 మీరే కట్టాలి. ఇంకా కట్టాల్సింది పదివేలు దాటింది కాబట్టి 2026 మార్చి 31లోపు అడ్వాన్స్ ట్యాక్స్‌గా కట్టేయండి, లేకపోతే వడ్డీ పడుతుంది.

రిటర్నుకి ఐటీఆర్-1 ఫారం పనికిరాదు, ఈ గెలుపులు కాక జీతం మాత్రమే ఉంటే ఐటీఆర్-2. అందులో షెడ్యూల్ ఓఎస్ (ఇతర ఆదాయాల పట్టిక)‌లో 115బీబీ వరసలో టీడీఎస్ పోగా మిగిలింది కాదు, పూర్తి మొత్తం రాయండి. కింద ఏ తేదీల మధ్య వచ్చిందో కూడా నింపాలి. ముందు ఫారం 26ఏఎస్ (మీ పేరున జమైన పన్ను చూపే పత్రం)‌లో కారు విలువ సరిగ్గా పడిందో చూసుకోండి, తేడా ఉంటే క్యాసినోవాళ్లతోనే సరిచేయించాలి.