పొడుగు మామయ్య పొట్టి మేనల్లుడికి రాసేది

చిరంజీవి చిన్నాకి మామయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. ఫుట్‌బాల్ సెలక్షన్స్‌లో పక్కన పెట్టేశారనీ, "ఆట బాగుంది కానీ ఒడ్డూ పొడుగూ చాలదు" అన్నారనీ, అప్పట్నుంచి రోజూ పొద్దున్నే బార్ పట్టుకుని వేలాడుతున్నావనీ రాశావు. ముందు ఆ వేలాడ్డం సంగతి తేల్చేద్దాం. చేతులకీ భుజాలకీ మంచిదే, మానక్కర్లేదు. దానివల్ల హైట్ మాత్రం పెరగదు. ఎంత పెరుగుతావన్నది చాలావరకు అమ్మానాన్నల నుంచి వచ్చేదే. వచ్చేదాన్ని పాడుచేసుకోకూడదంటే కడుపునిండా తిను, కంటినిండా నిద్రపో. హైట్ పెంచుతామనే పొడుల జోలికి వెళ్లావో, మీ అమ్మ కంటే ముందు నేనే తిడతాను.

"ఫుట్‌బాల్‌లో హైట్‌తో పనేముందిరా" అని ఎవరైనా ఓదారిస్తే అదీ నమ్మకు. పని ఉంది. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. అంత జాగా చేతులతో కాయాల్సినవాడికి ప్రతి అంగుళమూ కలిసొస్తుంది. 1994 వరల్డ్ కప్‌లో మెక్సికో కీపర్ హోర్హె కాంపోస్ ఐదడుగుల ఆరంగుళాలే, నిజమే. కానీ అలాంటివాళ్లని వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. నువ్వు కీపర్ అవుతానంటే ఈ ఉత్తరం వేరేలా ఉండేది. గోల్ ముందు అడ్డుకునే డిఫెండర్‌కి, అంటే సెంటర్ బ్యాక్‌కి కూడా పొడుగు ఉంటే మంచిదే. అయినా 2006లో ఇటలీ కెప్టెన్‌గా వరల్డ్ కప్పు ఎత్తిన సెంటర్ బ్యాక్ కన్నవారో ఐదడుగుల తొమ్మిదే, ఆ ఏడాది ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ కూడా అతనికే వచ్చింది. ఇక నువ్వాడేది మిడ్‌ఫీల్డ్, మైదానం మధ్యలో. అక్కడి లెక్కే వేరు.

ఆ లెక్క నాకు అవతలి పక్కనుంచి తెలుసు. నేను ఆరడుగులవాణ్ణి, పన్నెండేళ్లు సెంటర్ బ్యాక్‌గా ఆడాను. పొడుగువాళ్లకి దేనికి భయమో పొట్టివాళ్లకి ఎవరూ చెప్పరు.

ఒక మ్యాచ్‌లో నా ఛాతీ దాకా వచ్చే కుర్రాడొకడు తగిలాడు. చూడగానే, వీడికి భుజం తగిలిస్తే చాలు అనుకున్నాను. బంతి ఇంకా పది మీటర్ల దూరంలో ఉండగానే వాడు వెనక్కి జరిగి నడుముతో నా తొడకి ఆనుకున్నాడు, మోకాళ్లు వంచి, మోచేయి కొంచెం ఎడంగా పెట్టి. నాకు భుజం తగిలించడానికి జాగా ఏది? తల ఒకసారి ఎడమకి తిప్పాడు, ఒకసారి కుడికి. నేను బంతి కోసమని కుడికాలి మీద బరువు వేశాను. వాడు అదే కనిపెడుతున్నాడు. బంతిని ఆపలేదు, పాదంతో అలా తాకి నా కుడిపక్కనుంచే లాక్కుపోయాడు. బరువు ఏ కాలిమీద ఉందో ఆ కాలిని వెంటనే ఎత్తలేం కదా. నేను కాలు మార్చుకుని తిరిగేసరికి వాడు రెండడుగులు ముందున్నాడు. లారీ యూటర్న్ తీసుకునేలోపు సైకిల్‌వాడు సందు చివర ఉంటాడు చూడు, అచ్చం అలాగే. సెకండ్ హాఫ్‌లో బంతి వాడి వైపు పోతుంటేనే నాకు టెన్షన్.

కాబట్టి నువ్వు చేయాల్సిన పని ఇది. బంతి నీకు చేరేలోపు రెండుసార్లు భుజం మీదుగా వెనక్కి చూడు. మొదటి టచ్‌ అవతలివాడు లేని వైపుకే వెళ్లాలి. ఈ ఒక్కటీ వస్తే నీ మీద పడేవాడికి నువ్వు దొరకవు. తప్పనిసరిగా తగలాల్సి వస్తే వాడొచ్చి గుద్దేదాకా ఆగకు, నువ్వే ముందు ఆనుకో, కిందనుంచి. చేత్తో నెడితే ఫౌల్, ఒంటితో బంతిని కాచుకుంటే కాదు. బక్కగా ఉన్నానని కూడా రాశావు. స్క్వాట్లు, ఒక్కో కాలు ముందుకేసి మోకాళ్లు వంచడం, పుషప్స్ వారానికి మూడు రోజులు చెయ్యి, ఈ వయసుకి నీ ఒంటి బరువు చాలు. ఫ్రాన్స్ మిడ్‌ఫీల్డర్ కాంటే నీకంటే మరీ పొడుగేం కాదు, ఐదడుగుల ఆరు. 2016లో లెస్టర్‌తో, 2017లో చెల్సీతో ఇంగ్లండ్ లీగ్ గెలిచి, 2018లో ఫ్రాన్స్‌తో వరల్డ్ కప్ గెలిచాడు. అవతలివాడు పాస్ ఇవ్వాలనుకునే చోటికి ముందే చేరిపోవడం అతని పని.

తలతో కొట్టే హెడర్లు వదిలేస్తానన్నావు, వదలకు. 2010 వరల్డ్ కప్ సెమీఫైనల్ వీడియో చూడు, స్పెయిన్ జర్మనీ మీద ఆడింది, 73వ నిమిషం. స్పెయిన్ ఆటగాడు షావి మూలనుంచి కార్నర్ కొట్టాడు. ఐదడుగుల పది అంగుళాల డిఫెండర్ పుయోల్ దూరం నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి ఎగిరి తలతో గోల్ కొట్టాడు. నిలబడ్డ చోటినుంచి ఎగిరేవాడు, ఎంత పొడుగువాడైనా, పరుగు మీద వచ్చేవాణ్ణి అందుకోవడం కష్టం. ఆ ఒక్క గోల్‌తోనే స్పెయిన్ ఫైనల్‌కి వెళ్లింది. నేనైతే ఆ గోల్‌ని డిఫెండర్ కళ్లతో చూస్తాను, ఒళ్లు జలదరిస్తుంది.

ఇంకో సంగతి. నువ్వు పుట్టింది డిసెంబర్‌లో. నీ ఏజ్ గ్రూప్‌లో జనవరిలో పుట్టినవాడు నీకంటే దాదాపు ఏడాది పెద్ద. పద్నాలుగేళ్లప్పుడు ఏడాదంటే మాటలా? వాడికి గొంతు మారి మీసం మొలుస్తుంటే నీకు ఇంకా మొదలే కాలేదు. చాలా దేశాల్లో కుర్రాళ్ల టీముల్ని పరిశీలిస్తే ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. సెలక్ట్ చేసేవాళ్లు ఆట చూస్తున్నామనుకుంటూ పుట్టినరోజు చూస్తున్నారన్నమాట. క్రొయేషియా మిడ్‌ఫీల్డర్ మోద్రిచ్‌ని కూడా చిన్నప్పుడు ఒళ్లు చాలదని వద్దన్నారు. 2018లో ఫ్రాన్స్‌తో వరల్డ్ కప్ గెలిచిన గ్రీజ్‌మన్‌ని ఫ్రాన్స్ క్లబ్బులు చిన్నగా ఉన్నాడని తీసుకోకపోతే స్పెయిన్‌కి పోయి ఆట నేర్చుకున్నాడు.

నేనూ ఆ తప్పు చేసినవాణ్ణే. కుర్రాళ్లకి నేర్పే రోజుల్లో ఒకణ్ణి "వచ్చే ఏడు రా నాన్నా" అని పంపించేశాను. వాడు రాలేదు. రెండేళ్ల తర్వాత వేరే టీము జెర్సీలో కనిపించాడు, నా భుజం దాటి ఎదిగాడు, మా మీదే రెండు గోల్స్ కొట్టి వచ్చి దండం పెట్టాడు. నాకు ఎటు చూడాలో తెలియలేదు.

నీకు ఎదుగుదల మొదలయ్యాక కొన్నాళ్లు కాళ్లు నీ మాట వినవు. తెలిసిన పాస్ కూడా తప్పుతుంది, మోకాలి కింద నొప్పి రావచ్చు. నొప్పి దాచుకుని ఆడకు, అమ్మకి చెప్పు.

ఆదివారం మ్యాచ్ వీడియో ఎవరిచేతైనా తీయించి పంపు. గోల్స్ ఒక్కటే కత్తిరించి పంపావంటే చూడను, మొత్తం కావాలి. బంతి నీ దగ్గరికి వచ్చేముందు ఎన్నిసార్లు తల తిప్పావో నేను లెక్కపెడతాను.

మీ మామయ్య