లేయర్ కోళ్ల మేతలో ఎంజైము కలపడం దండగ ఖర్చేనా?

పుత్తూరు దగ్గర మూడు వేల లేయర్ (గుడ్లు పెట్టే) కోళ్లతో కొత్తగా ఫారం మొదలుపెట్టిన ఒకరు ఇలా అడిగారు: "మేతలో ఎంజైములు కలిపితే పోషణ మెరుగవుతుందని, ఖర్చు తగ్గుతుందని అమ్మేవాళ్లు చెబుతున్నారు. నిజమేనా? లేక దండగా?"

దండగ కాదు. అయితే ఎంజైము కొనే ముందు మేత కలిపే మీ మిక్సర్‌ను పరీక్షించుకోండి. ఈ మాట నాకు ముందుగా చెప్పినవాళ్లు లేరు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది చిత్తూరు నుంచి పెనుమూరు వెళ్లే దారిలో ఐదు వేల కోళ్ల ఫారం. నాన్న కాలం నుంచీ మేత మేమే ఆడించుకుంటాం. మొక్కజొన్న, సోయా చెక్క, నూనె తీసిన తవుడు, కాల్షియం కోసం గుల్ల, సున్నపురాయి పొడి, ఫాస్ఫరస్ కోసం డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్), ఆ పైన విటమిన్లు. కొన్నేళ్ల క్రితం ఏప్రిల్‌లో ఒక కంపెనీ ప్రతినిధి వచ్చి ఫైటేజ్ అనే ఎంజైము గురించి చెప్పాడు. గింజల్లో, తవుడులో ఉన్న ఫాస్ఫరస్‌లో దాదాపు మూడింట రెండు వంతులు ఫైటేట్ రూపంలో బిగుసుకుని ఉంటుందని, దాన్ని విడదీసుకునే శక్తి కోడికి చాలా తక్కువని, అందుకే మనం బయటి నుంచి డీసీపీ వేయాల్సి వస్తోందని, టన్నుకు 100 గ్రాముల పొడి వేస్తే ఆ బిగువు వదులుతుందని వివరించాడు. ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. 1991లో నెదర్లాండ్స్‌లో మొదటి ఫైటేజ్ అమ్మకానికి వచ్చింది. పెంటలో ఫాస్ఫరస్ పేరుకుని నేల, నీరు పాడవుతున్నాయన్న బాధ అక్కడి వాళ్లది. మనకు డీసీపీ ఖర్చు బాధ. రెండింటికీ అదే మందు.

అతను ఆఖరున అన్న మాటే నన్ను ముంచింది. "టన్నుకు వేస్తున్న పది కిలోల డీసీపీని పూర్తిగా ఆపేయండి సార్, ఏమీ కాదు" అన్నాడు. నమ్మి ఆపేశాను.

మే నెల వచ్చింది. ఎండ నలభై డిగ్రీలు దాటింది. వేసవిలో కోడి మేత తగ్గించడం మామూలే కనుక మొదటి మూడు వారాలు నాకు అనుమానం రాలేదు. నాలుగో వారానికి రోజూ 150 ట్రేలు వచ్చే చోట 128 వచ్చాయి. ఒక ఉదయం గుడ్లు ఏరడానికి వెళ్లిన మా ఆవిడ వెనక్కి వచ్చి, "అవతలి వరుసల్లో కోళ్లు లేవడం లేదు, ఒకసారి వచ్చి చూడండి" అంది. వెళ్లి చూస్తే కేజ్ మూలల్లో కాళ్లు చాపుకుని పడి ఉన్నాయి. నీళ్ల నిపుల్ అందక నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఇన్నేళ్లలో రోగాలు చూశాను గానీ, కళ్లు చురుగ్గా ఉండి కాళ్లు మాత్రం పనిచేయని కోళ్లను అన్నింటిని ఒక్కసారిగా చూడటం అదే మొదలు. కాళ్లు పడిపోతే కాల్షియమే అనుకుని మేతలో గుల్ల పెంచాను. రెండు రోజుల్లో ఇంకా ఎక్కువ పడిపోయాయి.

తిరుపతిలో ఉంటున్న ఒక పశువైద్యుడు నాన్నకు స్నేహితుడు. ఉద్యోగ విరమణ చేసి చాలా కాలమైంది. ఫోను చేస్తే మధ్యాహ్నం బస్సుకే వచ్చేశాడు. చనిపోయిన మూడు కోళ్లను కోసి చూపించాడు. రొమ్ము ఎముక మెలికలు తిరిగి ఉంది. పక్కటెముకలు లోపలికి మడిచినట్టు ఉన్నాయి. బొటనవేలితో నొక్కితే ఎముక విరగలేదు, వంగింది. "కాల్షియం కాదు నాయనా, ఫాస్ఫరస్ అందలేదు. నువ్వు గుల్ల పెంచి, అందుతున్న కాస్తను కూడా కట్టిపడేశావు" అన్నాడు.

ఫైటేజ్ వేస్తున్నానని చెప్పాను. ఆయన ఇక కోళ్లవైపు చూడలేదు. నేరుగా మందుల గదికి నడిచాడు. రేకుల కప్పు ఉన్న గది అది. లోపల అడుగు పెడితే పొయ్యి ముందు నిలబడినట్టు ఉంది. ఫైటేజ్ సంచి మూతి విప్పి రబ్బరు బ్యాండు వేసి, కోలిన్ క్లోరైడ్ బస్తా మీద పెట్టి ఉంది. కోలిన్ క్లోరైడ్ అంటే మేతలో వేసే ఒక పోషకం, గాలిలోని తేమను పీల్చుకుని చెమ్మగిల్లే వస్తువు. అటు వేడి, ఇటు చెమ్మ. ఎంజైము అంటే ప్రొటీనే కదా, అక్కడ ఎన్నాళ్లు నిలుస్తుంది?

తర్వాత, "మేత కలపండి, చూస్తాను" అన్నాడు. మాది అర టన్ను మిక్సర్. మా దగ్గర పనిచేసే పెద్దాయన సరుకంతా పోసి, పైన 50 గ్రాముల పొడి చల్లి, ఐదు నిమిషాలు తిప్పి ఆపేశాడు. త్రీఫేజ్ కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట ఎవరికైనా తొందరే ఉంటుంది, ఆయనను తప్పుపట్టను. డాక్టరు గారు ఏమీ అనలేదు. మా ఆవిడ వైపు తిరిగి, "ఇంట్లో ఆవాలు ఉన్నాయా అమ్మా?" అని అడిగాడు.

ముందు ఒక గ్రాముకు ఎన్ని గింజలో లెక్కపెట్టించాడు. దాదాపు 400 వచ్చాయి. మరో అర టన్ను మేతలో పొడికి బదులు 50 గ్రాముల ఆవాలు వేయించి, రోజూ కలిపినట్టే కలపమన్నాడు. మొత్తం 20 వేల గింజలు, 500 కిలోల మేత. సరిగ్గా కలిస్తే కిలోకు 40 గింజలు రావాలి. మేతను పది సంచుల్లోకి దింపి, ప్రతి సంచి నుంచీ కిలో తీసి వేరుగా పెట్టాం. మా ఆవిడ, పెద్దాయన భార్య జల్లెడ పట్టి, చాటల్లో పోసుకుని గింజలు ఏరారు. పొద్దుగూకే దాకా పట్టింది. మొదటి సంచిలో 131 గింజలు. ఏడో సంచిలో రెండే. చివరిదానిలో 57.

మా షెడ్డులో ఒక్కో వరుసకు ఒక్కో సంచి వేస్తాం. మొదట నింపిన సంచి ఎప్పుడూ తలుపు దగ్గరి వరుసకే వెళుతుంది. ఆ వరుసలో ఒక్క కోడి కూడా పడిపోలేదు. పడినవన్నీ అవతలి వరుసల్లోవే. మిక్సర్ మీద నాకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. కోడి రోజుకు తినేది 110 గ్రాములు, ఎండాకాలంలో అంతకంటే తక్కువ. ఆ గుప్పెడు మేతలోనే దాని వాటా ఉండాలి. పక్క కోడి తొట్టిలో మూడింతలు ఉంటే దీనికి ఏం లాభం?

డీసీపీ మళ్లీ పూర్తిగా వేశాం. గుల్లను పాత లెక్కకు తగ్గించాం. పడిపోయిన కోళ్లను కేజ్‌ల నుంచి తీసి కింద వరిపొట్టు మీద వదిలి, నీళ్లు, మేత వాటి ముందే పెట్టాం. మూడు వారాల్లో చాలావరకు లేచి నడిచాయి. 63 చనిపోయాయి. ఆ ప్రతినిధి మళ్లీ మా గేటు దగ్గరికి రాలేదు, ఫోను ఎత్తలేదు. డైరీలు, గోడ గడియారాలు పంచుతారు, అమ్మకాల లెక్కలు చెబుతారు. మందుల గదిలోకి తొంగిచూసి, మిక్సర్ ఎన్ని నిమిషాలు తిప్పుతున్నారని అడిగిన ప్రతినిధిని నేను ఇంతవరకూ చూడలేదు. నాకు కోపం ఎంజైము మీద కాదు, ఈ పద్ధతి మీద.

ఆ సెప్టెంబరులో ఫైటేజ్ మళ్లీ మొదలుపెట్టాను. మానేస్తానని అందరూ అనుకున్నారు. ఎందుకు మానాలి? పొడి తప్పు ఏమీ లేదు. ఇప్పుడు అర టన్నుకు వేసే 50 గ్రాములను ముందు కిలో మొక్కజొన్న పిండిలో చేత్తో కలుపుతాం. దాన్ని పది కిలోల పిండిలో కలుపుతాం. మిక్సర్ సగం నిండాక అది పోసి, మిగతా సరుకు వేసి, గడియారం చూసి పదిహేను నిమిషాలు తిప్పుతాం. సంచిని మిద్దె ఇంట్లో నీళ్ల కుండ ఉండే చల్లని మూల, మూతి బిగించిన డబ్బాలో ఉంచుతాం. డీసీపీని ఒక్కసారిగా ఆపకుండా రెండేసి వారాలు చూసుకుంటూ పది కిలోల నుంచి ఐదుకు తెచ్చాను. అక్కడ ఆగాను. ఇంకా తగ్గించవచ్చని కొందరు అంటారు. నేను తగ్గించను.

ఎంజైము బలాన్ని యూనిట్లలో కొలుస్తారు. ప్యాకెట్ మీద గ్రాముకు ఎన్ని యూనిట్లో చూడండి. గ్రాముకు 5000 యూనిట్లు ఉన్న ఫైటేజ్ టన్నుకు 100 గ్రాములు వేస్తే మేత కిలోకు 500 యూనిట్లు పడతాయి. లేయర్లకు సాధారణంగా చెప్పే మోతాదు అదే. యూనిట్లు రాయకుండా "శక్తిమంతమైన ఎంజైముల మిశ్రమం" అని మాత్రమే రాసి ఉంటే డబ్బు పెట్టకండి. గుళికల మేత కొనేవాళ్లు ఇంకో సంగతి అడగాలి. గుళికలు చేసేటప్పుడు వేడి ఎనభై డిగ్రీలకు పైగా పోతుంది. దాన్ని తట్టుకునే రకమో కాదో తెలుసుకోవాలి. కంపెనీ కింద బ్రాయిలర్లు పెంచేవాళ్లకు ఈ ప్రశ్నే రాదు, మేతా వాళ్లదే, లెక్కా వాళ్లదే.

పీచును విడగొట్టే ఎంజైముల మాట వేరు. జైలనేజ్ లాంటివి తవుడు, సజ్జలు, గోధుమ ఎక్కువగా పడే మేతలో బాగా పనిచేస్తాయి. ఆ పీచు కడుపులో జిగురుగా మారి అరుగుదలను అడ్డుకుంటుంది, రెట్ట అంటుకుంటుంది, తడి పెరుగుతుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో మా వైపు తడి పెంట అంటే ఈగలు, ఈగలంటే ఊళ్లో పంచాయతీ. నాకు జైలనేజ్ విలువ తెలిసింది గుడ్ల లెక్కలో కాదు, కేజ్‌ల కింద. ఉత్త మొక్కజొన్న, సోయాతో కలిపిన మేతలో మాత్రం నాకు పిసరంత తేడా కూడా కనిపించలేదు. నన్ను అడిగితే అలాంటి మేతకు అది వద్దు.

ఇథనాల్‌కు మొక్కజొన్న తరలిపోవడం మొదలయ్యాక దాని ధర మన మాట వినడం లేదు. 2021లో సోయా ఎంత పెరిగిందో పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది ఆగస్టులో కేంద్రం 12 లక్షల టన్నుల సోయా మీల్ దిగుమతికి అనుమతించాల్సి వచ్చింది. గుడ్డు ఖర్చులో మూడింట రెండు వంతులు మేతదే. గుడ్డు ధర చూస్తే చెన్నై వైపు, తమిళనాడులో కోళ్ల ఫారాలకు పేరుపడ్డ నామక్కల్ వైపు చూసి కదులుతుంది. కాబట్టి తవుడు, సజ్జలు, నూకలు మేతలో పెంచక తప్పని రోజులు మీకూ వస్తాయి. ఎంజైము అప్పుడు నిజంగా ఆదుకుంటుంది. వేరుశనగ చెక్క మన వైపు చవగ్గా దొరికితే మాత్రం జాగ్రత్త. బూజు పట్టిన చెక్కలోని విషాన్ని ఫైటేజ్ గానీ, జైలనేజ్ గానీ తీయలేవు. ఆ పేరు చెప్పి అమ్మినా నమ్మకండి.

మీరు కొత్తగా మొదలుపెట్టారు కనుక ముందు ఆవాలు వేసి చూడండి. సంచికీ సంచికీ లెక్క బాగా తేడాగా వస్తే ఎంజైము కొనకండి, మిక్సర్ బాగు చేయించుకోండి. మా ఇంట్లో ఏటా మార్చిలో, ఎండలు ముదరకముందే ఈ పరీక్ష చేస్తాం. చాట పట్టుకుని కూర్చునేది ఇప్పటికీ మా ఆవిడే. ఈ ఏడాది మొదటి సంచిలో 37, ఏడో సంచిలో 42, చివరిదానిలో 40 వచ్చాయి.