ఒడిబియ్యం కోసం నా చూడి మేకను అమ్మేశారు

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. మాది నాగర్‌కర్నూల్ జిల్లాలో చిన్న ఊరు. రెండెకరాల చేను, ఒక బోరు. ఒక బాబు, ఒక పాప. పాప పుట్టినప్పుడు మా అమ్మ రెండు ఆడమేకలు తోలిచ్చింది. ఆ రెండే ఇప్పుడు 23 అయ్యాయి. పగలు మా మామ మేపుకొస్తాడు, మిగతా చాకిరీ అంతా నాదే. అమ్మేది మాత్రం మా ఆయన. ఎంతకు అమ్మాడో చెబితే చెబుతాడు, లేకపోతే లేదు. ఏప్రిల్‌లో మా ఆడపడుచుకు ఒడిబియ్యం పోయాలని, నేను చేనుకు పోయినప్పుడు బేరగాణ్ని పిలిచి ఒక పోతును, మూడు నెలల చూడి మేకను కలిపి 19 వేలకు ఇచ్చేశాడు. ఆ పోతు తల్లి ఈనిన రోజే చచ్చిపోతే మా బాబే సీసాతో పాలు పట్టి బతికించాడు. వాడికి 8 ఏళ్లు. దాని మెడలో గంట దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాడు. ‘నన్నడక్కుండా ఎట్లా అమ్మినవ్’ అంటే ‘మేపేది మా నాయిన, మేసేది మా గట్ల మీద, అందులో నీదేముంది’ అన్నాడు. మూడు వారాలుగా మాటల్లేవు. ఇప్పుడేమో వంద మేకల షెడ్డు వేద్దాం, సబ్సిడీ వస్తుంది, నీ సంఘంలో కూడా లోన్ తీయి అని అత్తమ్మతో చెప్పిస్తున్నాడు. ఆయనకు తాగుడు లేదు, చెయ్యి చేసుకోడు. కానీ నాకు విసుగొచ్చింది. అన్నీ అమ్మేసి హైదరాబాద్ పోయి ఏదో ఒక పని చూసుకుందామనిపిస్తోంది. నాలుగేళ్లుగా తల్లిగారింట్లో ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఆ తల్లిగారింటి మాట దగ్గరే ఆగాను. 19 వేల గురించి అంత రాసి, నాలుగేళ్ల అలసటను చివర్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు. మేకల్ని అమ్మేయాలనే ఆలోచన కోపంలోంచి పుట్టిందని మీరు అనుకుంటున్నారేమో. నాకైతే అది నిద్రలేమిలోంచి వచ్చినట్టుంది. అందుకే ముందుగా ఒక మాట: ఈ నెలలో ఒక్క మేకను కూడా అమ్మకండి, ఒక్క కాగితం మీద కూడా సంతకం పెట్టకండి.

మీ ఆయన చేసింది తప్పే. ఇందులో నాకు అనుమానం లేదు. డబ్బు లెక్కలో చూసినా తప్పే. మేక చూలు ఐదు నెలలు. మూడు నెలలు మోసింది, ఇంకో రెండు నెలలు ఆగితే ఈనేది. మంచి మేక చాలాసార్లు రెండు పిల్లల్ని వేస్తుంది. కోతకు కొనేవాడు మాంసానికి డబ్బిస్తాడు, కడుపులో ఉన్నవాటికి ఇవ్వడు. ఇక పోతు సంగతి చూడండి, బక్రీదుకు నెలన్నర ముందు దాన్ని కంటి అంచనా మీద ఇచ్చేశారు. ఏడాది నిండిన, ఏ లోపం లేని పోతుకు ఆ పండగ ముందు వచ్చే ధర వేరు. ఈ సంగతులు మీ ఆయనకు తెలియవని నేననుకోను. చుట్టాలను పిలిచే తేదీ దగ్గరపడింది, బేరగాడు నోట్లు చేతిలో పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు, ఇంట్లో మీరు లేరు. ముఖ్యంగా మీరు లేరు. అది ఆయనకు సులువైంది.

ఇందులో మీకు ఎక్కువ గుచ్చుకున్నది డబ్బు కాదేమో అనిపిస్తోంది. మీ అమ్మ మీకిచ్చిన మేకల సంతానాన్ని అమ్మి, ఇంకో ఇంటి ఆడబిడ్డ ఒడి నింపారు. మీరేమో తల్లిగారింటికి పోయి ఒక రాత్రి పడుకోలేకపోతున్నారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడటం మీ ఆయనకు తట్టి ఉండదు. మాటలు మొదలైనప్పుడు ఇది ఆయనకు చెప్పండి, కానీ ఆడపడుచును మధ్యలోకి లాగకండి. ఆమె అడిగింది ఒడిబియ్యమే, మీ మేకను కాదు. ఒడిబియ్యంతో పెట్టిన ఆ చీర ఏ మేకదో ఆమెకు తెలిసి ఉండకపోవచ్చు కూడా.

‘నీదేముంది’ అన్న మాటకు జవాబు చట్టంలో ఉంది. తల్లిగారు ఆడపిల్లకు ఇచ్చింది స్త్రీధనం. దాని మీద భర్తకు ఉమ్మడి హక్కు లేదని సుప్రీంకోర్టు 1985లోనే స్పష్టంగా చెప్పింది. ఇది మనసులో పెట్టుకోండి, నోటితో మొదలుపెట్టకండి. ఎందుకంటే మీ అమ్మ ఇచ్చినవి రెండు. రెండు 23 కావడంలో మీ మామ కాళ్లు కూడా ఉన్నాయి. మంచు ఆరేదాకా ఆగి, పొద్దెక్కాక తోలుకుపోయి, ఎండలో వాటి వెనక తిరిగి, పొద్దుగూకే వేళకు తెచ్చే మనిషి. ఆయన వాటా కాదంటే మీరూ అన్యాయం చేసినట్టే. మీ ఆయన మాటలో ఆ కొంచెం నిజం ఉంది కాబట్టే మీకు వెంటనే జవాబు దొరకలేదు.

మరి మీ వాటా ఏది? అది ఎవరికీ కనపడటం లేదు, చిక్కంతా అక్కడే ఉంది. మేపడం ఊరంతా చూస్తుంది. తెల్లారకముందు పెంటికలు ఊడ్చి, గంప కింద కమ్మిన పిల్లల్ని తీసి ఒక్కొక్కదాన్ని దాని తల్లి దగ్గర వదిలేది ఎవరు చూస్తారు? అర్ధరాత్రి మేక ఈనితే బొడ్డుకు అయోడిన్ రాసి, గంటలోపు ముర్రుపాలు తాగించాలి. రెండో పిల్లను తన్నేసే తల్లిని గుంజకు కట్టి, పొదుగు దగ్గర పిల్ల నోరు పెట్టించాలి. తొలకరి లేతగడ్డి మొలవకముందే, ఆ గడ్డి మేసి ఉన్నట్టుండి చచ్చిపోయే చిటుకు రోగానికి టీకా పడాలి. పారుడు రోగం (పీపీఆర్) టీకా ఒకసారి వేస్తే సుమారు మూడేళ్లు కాస్తుంది, కాబట్టి దేనికి ఎప్పుడు వేశారో గుర్తుండాలి. కడుపులో పురుగులు పోయే నట్టల మందు చూడి మేకకు ఏది పట్టొచ్చో ఏది పట్టకూడదో డాక్టరును అడగాలి. ఇదంతా మీ తలలో ఉంది. మీ తలలో తప్ప ఇంకెక్కడా లేదు. మీరు ఊరికి పోలేకపోవడానికీ, ఆయన ‘నీదేముంది’ అనగలగడానికీ కారణం ఇదొక్కటే.

మా అమ్మమ్మకు చదువు రాదు. పాల లెక్క గోడ మీద సున్నం బొట్లతో పెట్టేది. పండక్కి తాతయ్య మనుషుల్ని పెట్టి ఇల్లంతా వెల్ల వేయిస్తే, ఆ ఒక్క గోడ జోలికి రానిచ్చేది కాదు. పోసినవాళ్లు, తీసుకున్నవాళ్లు ఇద్దరూ ఆ బొట్లకే కట్టుబడేవాళ్లు. ఆ ఇంట్లో ఆమె మాట చెల్లడానికి ఆ గోడే కారణమని నాకు చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు.

మీరు చదువుకున్నారు, ఒక నోటుబుక్కు పెట్టండి. మేకకో పేజీ. ఎప్పుడు పోతుకు దాటింది, ఎప్పుడు ఈనింది, ఎన్ని పిల్లలు, ఏ మందు, ఏ టీకా. అమ్మితే బరువెంత, ధర ఎంత, ఆ డబ్బు ఎక్కడికి పోయింది. మొదటి పేజీల్లో ఏప్రిల్‌లో పోయిన ఆ రెండింటినీ రాయండి, 19 వేలు, ఒడిబియ్యం అని. తిట్టు అక్కర్లేదు, లెక్క చాలు. వేలాడదీసే కాటా ఒకటి కొనండి. బేరగాడు వీపు మీద చెయ్యేసి, నడుం నొక్కి ‘ఇరవై కిలోలు లేదక్కా’ అన్నప్పుడు మీరు వాదించక్కర్లేదు, దాన్ని గోనెసంచిలో పెట్టి కాటాకు తగిలిస్తే సరిపోతుంది. మేకల ఎరువు ఎవరికైనా అమ్మినా, ఎవరి చేనులోనైనా మంద కట్టినా అదీ రాయండి. చిన్న డబ్బే కావచ్చు, కానీ దాని పేరు ఇప్పటిదాకా ఎవరూ ఎత్తలేదు కదా.

మాటల సంగతికొస్తే, మూడు వారాలు చాలా ఎక్కువ. ముందుగా మీరే మాట్లాడండి అంటే మీకు కోపం రావచ్చు. అయినా చెబుతాను, ఎందుకంటే మీరు మాట్లాడకపోతే ఆయన అత్తమ్మ ద్వారా లోన్ సంగతి మాట్లాడిస్తూనే ఉంటాడు. అయితే మొదట మాట్లాడాల్సింది ఆయనతో కాదు, మీ మామతో. సాయంత్రం మంద దొడ్లోకి వచ్చాక, ఆయన కాళ్లు కడుక్కుని కూర్చున్నప్పుడు ఒక్క మాట అడగండి: ‘మామా, ఆ చూడిదాన్ని అమ్ముతున్నట్టు నీకు చెప్పిండా?’ చెప్పి ఉండడనే నా అనుమానం. మేకను రోజూ వెంట తిప్పిన మనిషికి, అది చూడిదని తెలిసిన మనిషికి, అది పోవడం ఏమీ అనిపించలేదంటే నమ్మను. ఇంకొక సంగతి, ఆ వయసు మగవాళ్లు చాలామంది బీడీకి, చాయ్‌కి కూడా కొడుకును అడుక్కునే పరిస్థితిలో ఉంటారు. మీ ఇంట్లో అట్లా ఉందో లేదో చూసుకోండి. అమ్మిన ప్రతిసారీ ఆయన చేతిలో కొంత పడేట్టు చూస్తే మీ పక్కన నిలబడే మనిషి ఇంట్లోనే దొరుకుతాడు.

ఆ తర్వాత ముగ్గురూ కూర్చోండి, బుక్కు ముందు పెట్టుకుని. పాత 19 వేలు తిరిగివ్వమనకండి, అవి రావు. ఇక ముందు చూడి మేకను, పాలిచ్చే తల్లిని అమ్మకూడదని, మీరిద్దరూ ఇంట్లో ఉండి ఒప్పుకోకుండా ఏ మేకకూ బేరం ఆడకూడదని మాట తీసుకోండి. వచ్చిన డబ్బులో ముందు మందులకు, మేతకు, బీమాకు పక్కన పెట్టాలి. తర్వాత మామకు కొంత, మీ బ్యాంకు ఖాతాలో కొంత, మిగతాది ఇంటికి. ఎంతెంత అన్నది మీరే తేల్చుకోండి, నేను ఇక్కడ కూర్చుని చెప్పేది కాదు.

ఒప్పుకోకపోతే? మీ అన్ననో, ఇరువైపులా మాట చెల్లే పెద్దనో పిలవండి. మళ్లీ చెప్పకుండా అమ్మితే అప్పుడు చట్టం మాట తీయండి. ఆడవాళ్లకు ఉచితంగా వకీలును పెట్టించడానికి న్యాయ సేవాధికార సంస్థ ఉంది. కానీ తాగుడు లేదు, కొట్టడు అని మీరే రాశారు. అంతదాకా పోదనే అనుకుంటున్నాను.

షెడ్డు విషయంలో మాత్రం గట్టిగా ‘ఇప్పుడు కాదు’ అనండి. సబ్సిడీ ఉన్న మాట నిజమే. జాతీయ పశుధన మిషన్‌లో 100 ఆడమేకలు, 5 పోతుల యూనిట్‌కు పెట్టుబడిలో సగం, గరిష్ఠంగా 10 లక్షల దాకా ఇస్తారు. మిగతా సగం మీదే, చేతి డబ్బో బ్యాంకు అప్పో. ఆ సబ్సిడీ కూడా ఒక్కసారి చేతికి రాదు, రెండు విడతల్లో వస్తుంది. ఇలాంటి షెడ్ల గురించి ఫోన్లో తిరిగే వీడియోల్లో చెప్పనిది ఇంకొకటి ఉంది. కట్టేసి మేపే మేకకు రోజుకు నాలుగైదు కిలోల పచ్చిమేత కావాలి. నూటికి రోజూ నాలుగైదు క్వింటాళ్లు. రెండెకరాల్లో, ఒక్క బోరు కింద, మీ పంట వేసుకుంటూ ఆ మేత ఎక్కడ పండుతుంది, రోజూ ఎవరు కోసుకొస్తారు? ఎవరో నాకంటే మీకే బాగా తెలుసు. సంఘం లోన్ అసలే వద్దు. మీరు ఒక వాయిదా తప్పితే మీతో కూర్చునే ఆడవాళ్లందరి మీదా పడుతుంది. ‘ఏడాది లెక్క రాసి చూద్దాం, 23 మేకల్లో ఎంత మిగిలిందో తేలాక వంద సంగతి’ అనండి. ఇది కాదనడానికి ఆయన దగ్గర కూడా మాట ఉండదు.

బాబు గురించి. పోతును ‘ఎవరో పెంచుకోవడానికి తీసుకుపోయారు’ అని మాత్రం చెప్పకండి. ఎనిమిదేళ్ల ఊరి పిల్లవాడికి కొన్నవాళ్లు ఏం చేస్తారో తెలుసు. అబద్ధం చెబితే మేకతో పాటు మీ మాట మీద నమ్మకం కూడా పోతుంది. మేకలు పెంచే ఇంట్లో అమ్మకాలు తప్పవు, అది వాడికీ తెలుసు. వాడికి దెబ్బ తగిలింది తెల్లారి లేచేసరికో, బడి నుంచి వచ్చేసరికో అది లేకపోవడం దగ్గర. ఇకనుంచి ఏది పోతుందో ముందురోజే చెప్పండి, కావాలంటే చివరిసారి మేత వాణ్నే వేయనివ్వండి. వాళ్ల నాన్న వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని ‘చెప్పకుండా ఇచ్చేసిన, తప్పయింది’ అంటే ఇంకా మంచిది. మీతో అనలేని మాట కొందరు మగవాళ్లు పిల్లలతో అనగలరు. ఈసారి పుట్టే ఆడపిల్లల్లో ఒకదాన్ని వాణ్ని ఎంచుకోమనండి. దాని పేజీ వాడే రాస్తాడు. గంటను మాత్రం మీరు తీసి కట్టకండి. దిండు కిందే ఉండనివ్వండి, వాడికి ఎప్పుడు కట్టాలనిపిస్తే అప్పుడు కడతాడు, లేదా కట్టడు.

హైదరాబాద్ సంగతి కూడా అడిగారు. పోవద్దని నేను అనను. కానీ ఇప్పుడు పోతే పని వెతుక్కుంటూ పోయినట్టుండదు, మంద వాళ్ల చేతికి వదిలేసి పోయినట్టుంటుంది. ఆర్నెల్లు బుక్కు రాశాక కూడా పోవాలనే అనిపిస్తే మళ్లీ రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం.

అంతకంటే ముందు మీ అమ్మ దగ్గరికి వెళ్లండి. జూన్ వానలు మొదలవకముందే, దగ్గర్లో ఏ మేకా ఈనే రోజులు లేనప్పుడు చూసుకుని, రెండు రాత్రులు. పాపను తీసుకెళ్లండి. బాబు రానంటే తాత దగ్గర ఉండనివ్వండి. వెళ్లే ముందు రోజు మీ ఆయనకు బుక్కు ఇచ్చి, ఏ పిల్ల ఏ తల్లిదో, సీసా పాలు దేనికో చూపించండి. దేనికైనా కడుపు ఉబ్బితేనో, పారుకుంటేనో 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తుందని గోడ మీద పెద్దక్షరాలతో రాసిపెట్టండి. రెండు రోజుల్లో మంద ఏమీ అయిపోదు. పొద్దున్నే లేచి గంప ఎత్తాల్సింది ఆయనే కాబట్టి, మీరు తిరిగొచ్చేసరికి ఆయనకు కూడా మిమ్మల్ని అడగాల్సినవి కొన్ని ఉంటాయి.