ఆపరేషన్ ముందురోజు బ్లేడు పట్టుకోకండి

వచ్చే వారం మీకు డి అండ్ సి (గర్భసంచి లోపలి పొరను తీసే చిన్న ఆపరేషన్) ఉంది, ముందురోజే ఇంట్లో కింద వెంట్రుకలు షేవింగ్ చేసుకుని వెళ్లాలా, అలాగే వెళ్తే నర్సులు ఏమనుకుంటారో అని అడిగారు. గైనిక్ వార్డులో పన్నెండేళ్లు స్టాఫ్ నర్సుగా చేశాను. షేవింగ్ చేసుకోకండి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ప్రతి పేషెంటుకూ ముందురోజు సాయంత్రమే బ్లేడుతో పార్ట్ ప్రిపరేషన్, అంటే ఆపరేషన్ చేసే చోట వెంట్రుకలు తీయడం, చేసేవాళ్లం. మాకు నేర్పిందీ అదే. పొద్దున థియేటర్ లైటు కింద చూస్తే ఎర్రటి గాట్లు, సన్నటి పొక్కులు. కంటికి ఆనని గాట్లు ఇంకెన్నో ఉంటాయి, రాత్రికి రాత్రే వాటిలో క్రిములు చేరతాయి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కు వచ్చిన ఒకామెకు అక్కడే చీముపొక్కులు లేచాయి. డాక్టరు గారు వాయిదా వేశారు. పసిబిడ్డను ఎత్తుకుని ఆమె మళ్లీ బస్సెక్కింది. ఆమెకు షేవింగ్ చేసింది నేనే. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే చెప్పింది: వెంట్రుకలు తీయొద్దు, తప్పనిసరైతే వెంట్రుకలు కత్తిరించే మిషన్, అంటే క్లిప్పర్‌తో కత్తిరించాలి, షేవింగ్ మాత్రం వద్దు. డి అండ్ సికి పైన కోతే ఉండదు కాబట్టి చాలామందికి తీయాల్సిన పనే రాదు. మీ ఆసుపత్రిలో తీయాలంటే, "క్లిప్పర్‌తో చేయండి సిస్టర్" అని అడగండి. అడగడంలో తప్పు లేదు. హెయిర్ రిమూవల్ క్రీము కూడా వద్దు, ఆ చోట చర్మం మండిపోవచ్చు.

ఇక సిగ్గు సంగతి. మేం చూసేది పుండు ఉందా, దద్దురు ఉందా అనే. వెంట్రుకలు ఉన్నాయని ఎవరినీ తక్కువగా చూడం తల్లీ, ఆ టెన్షన్ వదిలేయండి.

ఆ రోజు పొద్దున మామూలు సబ్బుతో స్నానం చేయండి. పసుపు, పౌడరు, నూనె ఏవీ రాసుకోవద్దు. యోని లోపల కడుక్కోవద్దు. నెయిల్ పాలిష్ తీసేయండి, వేలికి పెట్టే ఆక్సిజన్ మిషన్ రీడింగ్ సరిగ్గా రాకపోవచ్చు. గాజులు, మెట్టెలు ఇంట్లోనే తీసిపెట్టండి. మంగళసూత్రం తీయడానికి ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే ముందే సిస్టర్‌కు చెప్పండి, ఏం చేయాలో వాళ్లు చూస్తారు. తల ఆరబెట్టుకుని, పిన్నులు లేకుండా రెండు జడలు వేసుకోండి.

క్రిములను చంపే మందు బెటాడిన్‌తో ఇదివరకు ఎప్పుడైనా దురద, దద్దుర్లు వచ్చి ఉంటే థియేటర్‌లోకి వెళ్లకముందే చెప్పండి. అక్కడ శుభ్రం చేసేది ఎక్కువగా దానితోనే. తర్వాత తొడల మీద గోధుమరంగు మరక కనిపిస్తే రుద్దకండి, రెండు స్నానాలకు అదే పోతుంది.