తినడం లేదని ఇన్సులిన్ ఆపేశారా?

ప్రశ్న: మాది గాజువాక. నా భార్యకు ఏడో నెల. పెళ్లికి ముందు నుంచే షుగర్ ఉంది. గర్భం వచ్చాక మాత్రలు మాన్పించి ఇన్సులిన్ పెట్టారు. పోయిన వారం జ్వరం, వాంతులు. ఏమీ తినడం లేదు కదా, షుగర్ పడిపోతుందేమోనని ఇన్సులిన్ ఆపి, ఇంట్లో ఉన్న పాత మాత్రలు వేశాం. మూడో రోజుకి ఆయాసం. ఇప్పుడు ఐసీయూలో ఇన్సులిన్ డ్రిప్ మీద ఉంది. షుగర్ 160 ఉన్నా పర్వాలేదంటున్నారు. ఇదివరకు 120 దాటకూడదన్నారు. బిడ్డకు ప్రమాదం కాదా? ఇంటి నుంచి రాగి జావ ఇవ్వొచ్చా?

జవాబు: 160 చూసి కంగారు పడకండి. పరగడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకు 120 లోపు అన్నది ఇంట్లో తిరుగుతున్న గర్భిణికి. ఐసీయూలో సాధారణంగా 140–180 మధ్య ఉంచుతారు, గర్భిణికి కొందరు ఇంకాస్త తగ్గిస్తారు. మరీ బిగిస్తే 70 కిందికి జారిపోవచ్చు. మగతలో ఉన్న మనిషి కళ్లు తిరుగుతున్నాయని కూడా చెప్పుకోలేకపోవచ్చు. అందుకే గంటగంటకూ షుగర్ చూసి డ్రిప్ వేగం మారుస్తారు. ఇన్సులిన్‌తో పాటు రక్తంలో పొటాషియం కూడా తగ్గుతుంది, గుండెకు అది ముప్పు; దాన్నీ పదేపదే పరీక్షిస్తారు. బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టిరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తే కొన్ని రోజులు షుగర్ ఇంకా పెరుగుతుంది. కేస్‌షీట్ చూడకుండా నేను ఇంతకు మించి చెప్పకూడదు. జావ మాత్రం అక్కడి డాక్టరు సరే అనేదాకా వద్దు.

మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది వేరే. తినకపోయినా లివర్ షుగర్ తయారు చేస్తూనే ఉంటుంది. జ్వరంలో అది మరీ ఎక్కువ. ఏడో నెలలో గర్భం హార్మోన్లు ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు. అలాంటప్పుడు ఇన్సులిన్ ఆపేస్తే ఒళ్లు కొవ్వును కరిగించుకుంటుంది, అందులోంచి పుట్టే కీటోన్లు అనే ఆమ్ల పదార్థాలు పేరుకుని రక్తం ఆమ్లంగా మారుతుంది. గర్భిణిలో షుగర్ 200 దాటకుండానే ఇది రావచ్చు, మీటరు చూసి బాగానే ఉందనుకుంటాం. ఆ ఆయాసం దీనివల్ల కావచ్చు, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ కావచ్చు, రెండూ కావచ్చు. కీటోన్లు మాయ (ప్లాసెంటా) దాటి బిడ్డకు చేరతాయి. మీరు భయపడిన ఇన్సులిన్ మాత్రం దాదాపు దాటదు. మూడు రోజులు ఆగకుండా మొదటి రోజే ఒక్క ఫోన్ చేయాల్సింది బాబూ! విశాఖలో పెద్దాసుపత్రి కేజీహెచ్ ఉంది, కాన్పుల ఘోషాసుపత్రి ఉంది, 108 ఉంది.

ఇక ముందు జ్వరం వచ్చినా, వాంతులైనా ఇన్సులిన్ మీ అంతట మీరు ఆపొద్దు. డోసు ఎంతన్నది డాక్టరే మార్చాలి. రెండు మూడు గంటలకోసారి షుగర్, మూత్రంలో కీటోన్లు చూడండి. ఆ స్ట్రిప్పులు మెడికల్ షాపులో దొరుకుతాయి. నీళ్లు కూడా నిలవకపోయినా, ఊపిరి వేగంగా ఆడినా, మగతగా ఉన్నా, బిడ్డ కదలిక తగ్గినా, ఎంత రాత్రయినా బయల్దేరండి.

ఆ పాత మాత్రల పేరు మీరు రాయలేదు. పేరు చివర ‘గ్లిఫ్లోజిన్’ అని ఉంటే అది గర్భిణికి ఇవ్వాల్సిన మందు కాదు. పైగా షుగర్ అంతగా పెరగకుండానే కీటోన్లు పెంచుతుంది, మానేశాక కూడా కొన్ని రోజులు ఆ ప్రభావం ఉండొచ్చు. మెట్‌ఫార్మిన్ అయితే కిడ్నీలు దెబ్బతిన్నప్పుడు అది వేరే చిక్కు. ఖాళీ అట్ట అయినా సరే, ఈరోజే తీసుకెళ్లి ఐసీయూ డ్యూటీ డాక్టరు చేతికివ్వండి. ఎన్ని వేశారో, ఆఖరిది ఎప్పుడు వేశారో దాచకుండా చెప్పండి.